ఊరుచూపులు

“ఇట్లాంటి పెళ్ళిచూపులు నేను యాడా సూళ్ళేదే!” అంది పంకజాక్షి, నగరి స్టేషన్ బయట కొంగుతో మొహం తుడుచుకుంటూ. “ఇంటికి పిలిచి కాఫీ ఇస్తారు గానీ, ఎవురైనా ఊరు తిప్పి సూపిస్తారా?”

“నేనే అడిగినాలేమా,” అంది కూతురు కోమలి. “మనిషి నచ్చితే సరిపోతాదా? ఉండాల్సింది ఈ ఊర్లో గదా. ఊరు నచ్చితేనే పెళ్ళి. నచ్చలేదంటే సాయంత్రం రైలెక్కి తిరుపతికి పోతాం. ఎవురూ బాధపడేది లేదు.”

“అట్లనే కానీండి,” అన్నాడు దయానంద్. వాళ్ళను పిలుచుకుపోవడానికి తండ్రి గుణశేఖర్‌తో కలిసి వచ్చాడు. తండ్రీకొడుకులకు ఊళ్ళో మరమగ్గాల షెడ్డు ఉంది.

కోమలి అతన్ని ఎగాదిగా చూసింది.

“పెళ్ళి మాటలకు ఈ నలిగిన సొక్కాతోనే వచ్చినారా?”

“మా నాయన సొక్కా ఇస్త్రీ చేసేసరికి కరెంటు పోయిందండీ.”

నలుగురూ ఒకే వరసలో నడిస్తే ఎవరి మాటలు వాళ్ళు మాట్లాడుకోలేరు. అందుకని చిన్నవాళ్ళిద్దరూ ముందు, పెద్దవాళ్ళిద్దరూ వెనక అయ్యారు.

మగ్గాల వీధి అంతా టకటకమంటోంది. రంగులేసిన నూలు దండేల మీద ఆరుతోంది. అరుగు మీద ఒక ముసలాయన లుంగీలు మడతపెడుతూ, వచ్చేపోయే వాళ్ళందరినీ పేరుపెట్టి పలకరిస్తున్నాడు. టీ అంగడి దగ్గర ఆగారు. అంగడాయన గలగలా ఏదో అడిగాడు. పంకజాక్షికి సగమే అర్థమైంది.

“ఆయన మాట్లాడింది తెలుగా, అరవమా?” అని మెల్లగా అడిగింది.

“నగరి భాషండీ,” అన్నాడు గుణశేఖర్. “రెండూ కలిపి కాచింది. టీ మాదిరే.”

పంకజాక్షి నవ్వాపుకుని గ్లాసు అందుకుంది.

కోమలి మాత్రం ప్రశ్నలు ఆపలేదు.

“ఇంట్లో వంట ఎవరు చేస్తారు?”

“నేనూ మా నాయనా. అమ్మ పోయినాక నేర్చుకున్నాం. నాయన రసం పెడితే పక్కింటోళ్ళు గిన్నెలు పట్టుకుని వస్తారు.”

“మీరు పెడితే?”

“తలుపేసుకుంటారు.”

“తాగుడూ అదీ?”

“టీ ఒకటేనండీ. అదైతే మాత్రం ఆపలేం.”

“పెళ్ళయినాక ఇంట్లోనే కూర్చోమంటారా?”

“అట్లా కూర్చోబెట్టేది మా ఇంటా వంటా లేదు. ఎవురి పని వాళ్ళదే. కలిసి అన్నం తినేదానికి మనిషి కావాల, అంతే.”

ఆ మాటకు కోమలి వెనక్కి తిరిగి తల్లి వైపు చూసింది.

బజారు మలుపులో పూలమ్మే వరదమ్మ గంప ముందు నుంచే కేకేసింది. “ఏమబ్బా గుణశేఖరా, ఎవురు వీళ్ళు?”

“తిరుపతోళ్ళు పెద్దమ్మా. పెళ్ళి మాటలకు వచ్చినారు,” అన్నాడు గుణశేఖర్, ఎటో చూస్తూ.

“మంచి మాట సెప్పినావు! ఆ ఇంట్లో ఆడమనిషి గొంతు విని ఎన్నేళ్ళాయెనో,” అంటూ వరదమ్మ మూరెడు మల్లెపూలు తుంచి కోమలి చేతిలో పెట్టింది.

కోమలి అందులో సగం తెంపి తల్లి జడలో పెట్టబోయింది. పంకజాక్షి గబుక్కున తల పక్కకు తిప్పుకుంది.

“నాకెందుకే!”

కానీ పారేయలేదు. ఆ పూలు గుప్పిట్లో దాచుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. గుణశేఖర్ చూశాడు. చూడనట్టు చెయ్యెత్తి కొండ చూపించాడు.

“ఆ కొండ సూడండి. పడుకున్నోళ్ళ ముక్కు మాదిరి లేదూ?”

పంకజాక్షి కళ్ళు చిట్లించి చూసింది. “అచ్చం మా పెద్దత్త ముక్కే!”

ఈసారి నవ్వు ఆగలేదు. గట్టిగా, బజారంతా వినబడేలా నవ్వింది. ముందు నడుస్తున్న కోమలి ఠక్కున ఆగిపోయింది.

“ఏమైందండీ?” అన్నాడు దయానంద్.

“మా అమ్మ నవ్వింది,” అంది కోమలి. “నాయన పోయినాక ఇట్లా నవ్వడం నేను వినలేదు. ఆమె నవ్విందంటే సగం పనైనట్టే.”

“మిగతా సగం?”

“ఆమె భయం.”

ఎండ తగ్గాక కుశస్థలి ఏటి వంతెన మీదికి వచ్చారు. ఏట్లో నీళ్ళు ఒక పాయగా పారుతున్నాయి. మగవాళ్ళిద్దరూ కావాలనే వెనకబడ్డారు. పంకజాక్షి వంతెన గోడకు ఆనుకుంది.

“ఊరు బాగానే ఉండాది. మనుషులూ మంచోళ్ళే. కానీ నిన్ను వదిలి నేనుండగలనా కోమలీ?”

“నగరికీ తిరుపతికీ ఎంత దూరమ్మా? ఆదివారం ఆదివారం రైలెక్కి నీ కాడికి వచ్చేస్తా.”

“మనోళ్ళు ఏమంటారో?”

“అనేవాళ్ళు అంటారు. సందేళప్పుడు వచ్చి మన పక్కన కూర్చునేది వాళ్ళు కాదు గదా.”

పంకజాక్షి కూతురి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏటి వైపే చూసింది.

రైలొచ్చే వేళకు నలుగురూ స్టేషన్ చేరారు. తల్లీకూతుళ్ళు బెంచీ మీద కూర్చుని గుసగుసలాడుకున్నారు. గుణశేఖర్ దూరంగా నిలబడి, ఎప్పుడో చదివేసిన రైళ్ళ టైముల బోర్డును మళ్ళీ చదువుతున్నాడు. కాసేపటికి కోమలి లేచి దయానంద్ దగ్గరికి వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

దయానంద్ మొహం పాలిపోయింది.

“ఏడుస్తాండారా? ఊరు నచ్చలేదా?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“మరేందండీ? మా నాయన అడగలేక నన్ను తోసినాడు. పెళ్ళికూతురు ఏమంటాదో అదన్నా సెప్పేయండి.”

కోమలి కళ్ళు తుడుచుకుని నవ్వింది.

“మా అమ్మ సరేననిందని మీ నాయనకు సెప్పు, అన్నా.”