కొండమ్మ అర్జీ

లేబరు ఆఫీసులో కొండమ్మ పక్కన కూర్చున్నాడన్న మాటే గానీ, బాలస్వామి ప్రాణం కుదురుగా లేదు.

రెండేళ్లుగా ఆ ఆఫీసు గేటు పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసిపెడుతున్నాడాయన. రాసిచ్చి పంపేయడమే తప్ప, ఎవరి వెంటా లోపలికి వెళ్లిన పాపాన పోలేదు. కొండమ్మ దగ్గర మాత్రం రాసినందుకు ఏమీ పుచ్చుకోలేదు. పైగా పిలిచినప్పుడల్లా తోడొస్తున్నాడు. ఇది మూడోసారి.

ఆవిడ గోడు చిన్నదే. నల్లపాడు అవతల ఓ కారం మిల్లులో పందొమ్మిదేళ్లు మిరపకాయల తొడిమలు తీసింది. ఆ ఘాటుకి దగ్గు పట్టుకుంది. ఇరవై రోజులు మంచాన పడి, లేచి పనికి వెళితే గేటు దగ్గరే ఆపేశారు. నువ్వసలు మా మనిషివే కాదు పొమ్మన్నారు.

అధికారి జ్యోతిర్మయి మంచి మనిషి. కోర్టుకెక్కితే ఏళ్లూ పూళ్లూ పడుతుంది, ఇక్కడే రాజీ చేద్దామని ఆవిడ పట్టుదల. మిల్లు తరఫున శ్రీకృష్ణ వచ్చాడు. మొన్న మొన్ననే చేరిన మేనేజరు. టౌన్లోని తమ ఆఫీసు నుంచి పాత హాజరు పుస్తకాలన్నీ మోయించుకొచ్చాడు.

"ఒక్క రోజు, ఒక్క చోట ఈవిడ పేరున్నా చాలు. రేపే పనిలోకి తీసుకోవాలి," అంది జ్యోతిర్మయి.

"తప్పకుండానండి," అన్నాడు శ్రీకృష్ణ.

జ్యోతిర్మయి ఓపిగ్గా పేజీలు తిప్పింది. కొండమ్మకి చదువు రాదు. అయినా పేజీ తిరిగినప్పుడల్లా మెడ చాచి చూసింది. బాలస్వామి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పాపం, ఆ పుస్తకాల వంక చూడలేకపోయాడు.

లేదు. పందొమ్మిదేళ్లలో ఎక్కడా లేదు.

కొండమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"పొద్దున్నే మా మేస్త్రి పేర్లు పిలిచి చీటీ రాసేవాడమ్మా. ఆ చీటీ టౌన్లో ఆఫీసుకి పంపితే, అక్కడెవరో చూసి పుస్తకంలో ఎక్కించేవారంట. మేస్త్రి బతికుంటే చెప్పేవాడు," అంది.

ఎక్కించిందెవరని జ్యోతిర్మయి అడిగింది.

"గుమాస్తా ఒకాయనండి. నేను రాకముందే రిటైరయ్యారు. చాలా నమ్మకస్తుడని మా ఓనరుగారు శాలువా కప్పి పంపారట," అన్నాడు శ్రీకృష్ణ.

జ్యోతిర్మయి నిట్టూర్చింది. నీ తరఫున చెప్పేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని కొండమ్మని అడిగింది. కొండమ్మ అటూ ఇటూ చూసి, చివరికి బాలస్వామి వంక చూసింది. ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. అయినా, గేటు బయట అర్జీలు రాసుకునేవాడి సాక్ష్యం ఎవరికి కావాలి?

"ఇక నా చేతుల్లో ఏమీ లేదమ్మా. నువ్వు కోర్టుకే వెళ్లాలి."

"కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక నాకేదమ్మా," అంది కొండమ్మ. దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక బాలస్వామి చెయ్యి పట్టుకుంది. "మీరు బాధపడకండి బాబుగారూ. నాకోసం మీరన్నా వచ్చారు."

బాలస్వామి తల ఎత్తలేదు. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవడానికైనా చెయ్యి లేవలేదు.

రాజీ కుదరలేదని రాయడానికి జ్యోతిర్మయి పెన్ను తీసింది. కొండమ్మ అర్జీని ముందుకి లాక్కుని, తెరిచి ఉన్న హాజరు పుస్తకం పక్కన పెట్టింది. రాయబోతూ ఆగిపోయింది. అర్జీని చూసింది. పుస్తకాన్ని చూసింది. మళ్లీ అర్జీని చూసింది.

రెండింట్లోనూ అవే గుండ్రటి అక్షరాలు, అదే చేతిరాత.