మజ్జిగ పడని భోజనం

నల్లమల జలపాతం చూడటానికి అనుమతి రావడానికి మూడేళ్లు పట్టింది. నాలుగు రోజుల నడక, మనిషి నాలుగు కిలోలకు మించి మోయకూడదు. వారం రోజులు కూర్చుని పులిహోర పొడి, పప్పన్నం బిళ్లలు, చారు బిళ్లలు గ్రాముల్లో తూచి సర్దాను. అయినా రెండు వందల గ్రాములు ఎక్కువైతే పెరుగు పొడి తీసేశాను. బుద్ధి తక్కువై తీసేశాను.

మా క్షేమం కనిపెట్టి తమకు చెప్పడానికి అటవీశాఖ వాళ్లిచ్చిన మాట్లాడే సంచి పూటపూటా అడుగుతుంది, "భోజనం అయిందా?" అని. మా అక్క కామేశ్వరి పులిహోర శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని, "ఎక్కడయిందీ? మజ్జిగ పడందే!" అంటుంది. సంచి 'అవలేదు' అని రాసుకుంటుంది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, అయిందని చెప్పెయ్యవే."

"అన్నం దగ్గర అబద్ధమాడకూడదే."

మూడో రోజు మధ్యాహ్నం, జలపాతం హోరు వినబడుతుండగా, నెత్తిమీదికి అటవీశాఖ డ్రోను వచ్చింది. అయిదు పూటలుగా తిండిలేని మనిషిని వెంటనే కిందికి చేర్చాలట.

"ఆవిడ నాకంటే ఎక్కువే తింది!" అని అరిచాను.

"సంచి అవలేదంటోంది. ముందు నీరసానికి ఇది పట్టించండి," అంటూ డ్రోను ఒక పొట్లం జారవిడిచింది. చల్లటి ఉప్పు మజ్జిగ!

అక్క గటగటా తాగి, మూతి తుడుచుకుని, సంచి వైపు తిరిగింది. "హమ్మయ్య. ఇప్పుడయింది."

సంచి ఆకుపచ్చగా వెలిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయిదు పూటల భోజనం ఒక్కసారే చేశారు," అంది డ్రోను, తాళ్లు కిందికి వదులుతూ. "ఇది ఇంకా ప్రమాదం."