తాబేలు కాలి మీద సిరా చుక్క

పోలింగు రోజున బయల్దేరితే తన నడకకు అందదని, బండన్న అనే తాబేలు వారం ముందే వెళ్లి ముందస్తు ఓటేసి వచ్చింది. ఇంటి దగ్గర, ఎన్నికల్లో పోటీ చేస్తున్న నక్క ఓటు కోసం దోసకాయ పట్టుకుని నిలబడి ఉంది. తాబేలు కాలి మీద సిరా చుక్క చూడగానే, "వేసేశావా అన్నా" అని దోసకాయతో సహా వెళ్లిపోయింది. బండన్న ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు నక్క మీద పోటీ చేస్తున్న కొంగ దోసకాయ తెస్తుంటే, బండన్న ఆ కాలు డిప్పలోకి లాక్కుంది. "ఇంకా ఆలోచిస్తున్నా తల్లీ" అంది. కొంగ రోజూ తెచ్చింది, తాబేలు రోజూ ఆలోచించింది.

పోలింగు రోజున కొంగ దాన్ని ఊరేగింపుగా మోయించుకొచ్చింది.

"ముందు కాలు చూపించమనండి" అంది నక్క.

బండన్న తల కూడా లోపలికి లాక్కుంది.

వరసలో నిలబడ్డ కప్పలు మురిసిపోయాయి. "కాయలన్నీ తింది, కాలు మాత్రం చిక్కనివ్వలేదు. వచ్చేసారి నాయకుడిగా దీన్నే నిలబెడదాం."