పెళ్లికార్డుల కంప్యూటర్

నారాయణగూడలో పెళ్లికార్డులు అచ్చువేసే విద్యాసాగర్ గారు చీకటి పడ్డాక నర్మద కోసం వెనకగది తాళం తీశారు.

“మా తమ్ముడు పోయిన సంది తెరవలే బిడ్డా. ఐదేండ్లయింది.”

మొదటి అక్షరం కొట్టగానే మిగతా మాటను కంప్యూటరే నింపే పద్ధతిని తామే కనిపెట్టామంటూ ఒక పెద్ద కంపెనీ పేటెంటు తెచ్చుకుంది. అశోక్ నగర్‌లో నర్మద నడుపుకునే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసును మూసేయమంటోంది. అంతకుముందే ఇంకెవరో చేశారని చూపిస్తే ఆ పేటెంటు నిలవదు. పెళ్లికార్డుల కోసం ఈయన తమ్ముడు అలాంటి ప్రోగ్రామే రాశాడని విని ఆమె ఇక్కడికి వచ్చింది.

గది నిండా దుమ్ము. కీబోర్డు మీద మాత్రం లేదు.

స్విచ్ వేయగానే కంప్యూటర్ మూలుగుతూ లేచింది. ప్రోగ్రాం రాసిన సంవత్సరం 1988. పేటెంటు కన్నా ఆరేళ్ల ముందు! నర్మద “చి” కొట్టింది. తెర మీద “చి.ల.సౌ.” అని దానంతటదే నిండింది.

“దొరికింది అంకుల్! గెలిచినం!”

“వాడు అచ్చేసిన పేర్లన్నీ దానికి ఎరుకే,” అని కళ్లు తుడుచుకుంటూ ఆయన చాయ్ తేవడానికి వెళ్లారు.

సంబరంలో ఆమె “న” కొట్టింది. “నర్మద” అని వచ్చింది. ఆ పేరుతో ఏ పెళ్లికూతురో ఉండి ఉంటుందని నవ్వుకుంటూ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నిశ్శబ్దంలో కీలు వాటంతటవే టకటకమన్నాయి. తెర మీద అక్షరాలు పడ్డాయి.

“ఇన్నొద్దులకు వచ్చినవా చెల్లె. ఇగ మనల్ని ఎవరు ఓడగొడ్తరు?”