వెనక సీటు సుఖాలు

"వీపుకు దన్ను లేదు," అంది ఆవిడ, బండి ఎక్కకుండానే.

ఆయన హెల్మెట్ తీసి అరుగు మీద పెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఇదే బండి, ఇదే వెనక సీటు. చంకలో పిల్లాణ్ణి, ఒళ్లో గ్యాస్ స్టవ్వును పెట్టుకుని కూడా కిక్కురుమనకుండా కూర్చున్న మనిషికి, ఇవాళ ఉన్నట్టుండి దన్ను కావాల్సి వచ్చింది. వయసు మీద పడ్డాక సుఖాలు గుర్తొస్తాయి కాబోలు.

నలభై కిలోమీటర్ల దూరంలో ఆవిడ చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుంది. వెళ్లి చూసి రావాలి. బస్సులో వెళ్దామంది ఆవిడ.

"నా బండి ఉండగా నా పెళ్లాం బస్సెక్కడమా? మీ మరిది ముందు నా పరువేం కావాలి?" అన్నాడు ఆయన. "వెళ్తే బండి మీదే వెళ్లాలి. లేదంటే ఆ ఊసే వద్దు."

అందుకని దన్ను పని మొదలుపెట్టాడు. అదేమంత పని? ఆయన వృత్తే అది. బజార్లో బండ్లకు సీటు కవర్లు కుట్టే షాపు ఆయనది. వీధిలో అందరికీ ఆయన సీట్లాయన.

"కళ్లు మూసుకుని కుట్టేస్తా," అన్నాడు.

పాత ఆఫీసు కుర్చీ వీపు ఊడదీశాడు. రెండు ఇనప పట్టీలు వంచి, స్పాంజి పెట్టి, రెక్సిన్ తొడిగి బండికి బిగించాడు. సూదిలో దారం ఎక్కించడం, టేపు మీద అంకెలు చదవడం ఆవిడ వంతు. ఇంటి పనికి ఇంటావిడ ఆ మాత్రం చేతిసాయం చేయొద్దూ?

ఆవిడ కూర్చుంది. వాలింది. అటూ ఇటూ కదిలింది.

"వీపుకు బాగానే ఉంది. కాళ్లే వేలాడుతున్నాయి."

విరిగిన మంచం పలక కోసి కాళ్ల కింద అమర్చాడు. కాళ్లు కుదురుకున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకు తోచలేదు. చేతులకు దన్ను పెడితే నెత్తిన ఎండ. ఎండకు గొడుగు కడితే అది గాలికి ఊగుతోంది. ఊగకుండా తాళ్లు బిగిస్తే నీళ్ల సీసాకు చోటు లేదు. రాణీగారి పల్లకీకి కూడా ఇన్ని వంకలు పెట్టి ఉండరు.

విచిత్రం ఏమిటంటే, చేతి దన్నుల్లో ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. "ఇదో ఫ్యాషన్లే," అన్నాడు ఆయన, ఆవిడ వాటినే చూస్తుంటే. ప్రతిదానికీ వంక పెట్టే మనిషి దానికి మాత్రం పెట్టలేదు.

అసలు ఈ గొడవంతా గేటు వల్లే వచ్చిందని ఆయన నమ్మకం. ఆవిడ దన్ను అడగడానికి ముందు రోజు బండి లోపలికి తెస్తుంటే గేటు స్తంభం అడ్డొచ్చింది. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్న స్తంభం సరిగ్గా ఆ రోజే అడ్డొచ్చింది. కట్టిన తాపీమేస్త్రి వంకరగా కట్టి ఉంటాడు. తన మోచేయి చీరుకుపోయిందంతే, ప్రాణం పోలేదు. కానీ ఆ మర్నాటి నుంచే ఆవిడకు వెనక సీటు గుచ్చుకోవడం మొదలైంది.

ఎదురింటి లెక్కల మాస్టారు రోజూ గేటు దగ్గర నిలబడి ఈ నిర్మాణం చూసేవారు.

"ఇక వంటగది ఒక్కటే తక్కువండీ. అదీ కట్టేస్తే మీ ఇల్లు అద్దెకిచ్చేసుకోవచ్చు."

సీట్లాయన నవ్వేసేవాడు. మాస్టారి కడుపుమంట ఆయనకు తెలుసు. "ఆయన్ని చూసి నేర్చుకోండి" అని వీధిలో ఆడవాళ్లందరూ మొగుళ్లను సాధించుకు తింటున్నారు. ఆ పేరు ఊరికే వస్తుందా?

నీళ్ల సీసాకు గూడు కూడా పెట్టేశాక, ఒక ఆదివారం పొద్దున ఆయన బండి బయటికి తీశాడు. ఈసారి గేటు అడ్డురాలేదు. ఆవిడే ముందు నడిచి రెండు తలుపులూ బార్లా తీసింది.

"ఎక్కు. ఇంకా వంకలేమైనా మిగిలాయా?"

ఆవిడ ఎక్కింది. వీపు వాల్చింది, చేతులు ఆనించింది, కాళ్లు పలక మీద పెట్టుకుంది.

"బంగారంలా కుట్టారండీ," అంది చివరికి. రెండు రంగుల దన్నులనూ మళ్లీ మళ్లీ నిమిరింది. సంతోషం పట్టలేక అయ్యుంటుంది.

ఆయనకు ఛాతీ రెండంగుళాలు పొంగింది. నాలుగు నెలల చాకిరీ ఆ ఒక్క మాటతో తీరిపోయింది. హెల్మెట్ పెట్టుకుని బండి స్టార్ట్ చేశాడు.

ఆవిడ ముందుకు వంగి ఆయన భుజం మీద చేయి వేసింది.

"ఒక్కటి మిగిలిందండీ. ఇదే ఆఖరిది."

"మళ్లీ ఏమిటే?"

"ఎదురింటి గోడ మీద మాస్టారు మనకోసం ఏదో రాశారు, ఇంతింత అక్షరాలతో. అది చదివి వినిపించండి. ఇక నోరెత్తితే ఒట్టు. మీరెక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాను."

ఆయన అటు తిరిగాడు. కాసేపు చూశాడు. బండి గుడగుడలాడుతోంది. గేటు దగ్గర మాస్టారు ఎందుకో ఇవాళ ఒక్క జోకూ వేయలేదు.

"చదవకేం?" అని పెద్దగా నవ్వాడు సీట్లాయన. "శుభప్రయాణం అని రాశారు. లెక్కల మాస్టారు కదా, అక్షరాలు మాత్రం కోడి గీతలే!"

నిన్ననే సున్నం వేయించిన ఎదురింటి గోడ మీద ఒక్క అక్షరం కూడా లేదు.