లోపలి గడియ

రిపోర్టులు వచ్చిన మధ్యాహ్నం ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. ఆమె కూడా వేలాడేసుకుంది. లోపల మాత్రం నవ్వు తన్నుకొస్తోంది.

డాక్టరు ఫోన్లో తేల్చి చెప్పేశాడు. “తేలికపాటిదే, భయపడాల్సిందేం లేదు. కాని ఆవిడ వేరే గదిలో ఉండాల్సిందే. పద్నాలుగు రోజులు. కంచం వేరు, గ్లాసు వేరు, బాత్రూం వేరు. మాస్కు లేకుండా ఎవరూ ఆ తలుపు దగ్గరికి వెళ్లకండి.”

పద్నాలుగు రోజులు! చెవిలో తేనె పోసినట్టయింది ఆమెకు.

ఈ మాయరోగం రాకముందు ఆమెకూ ఒక రాజ్యం ఉండేది. పొద్దున్నే రణరంగం. చిన్నదానికి ఒక సాక్సు దొరకదు. ఆయన కళ్లజోడు కోసం ఇల్లంతా తిరుగుతాడు, అది నెత్తిమీదే ఉంటుంది. తొమ్మిదయ్యేసరికి ఆయన ఆఫీసుకి, పెద్దది కాలేజీకి, చిన్నది బడికి, అత్తగారు పార్కులో స్నేహితురాళ్ల దగ్గరికి. వీధి తలుపు మూసుకున్న ఆ చప్పుడు ఆమెకు సంగీతం. మూడింటిదాకా ఇల్లు ఆమెది. టీ వేడిగా ఉండగానే తాగేది. గొంతెత్తి పాడుకునేది. కాళ్లు బారజాపుకుని నవల చదువుకునేది.

తరవాత ఊళ్లన్నీ మూతపడ్డాయి. భోజనాల బల్ల ఆయన ఆఫీసయింది. పడగ్గది కాలేజీ, హాలు బడి. అత్తగారి పార్కు మొత్తం స్పీకరు ఫోన్లోకి వచ్చి కూర్చుంది. ఆమెకు మిగిలింది వంటిల్లు. దానికి తలుపు లేదు. ఎనిమిది నెలల్లో ఆమె చదివింది పదకొండు పేజీలు.

అందుకే ఆ మధ్యాహ్నం వెనక గదిలోకి సామాను సర్దుకుంటుంటే ఆమె చేతులు ఆగలేదు. ఆరువందల పేజీల నవల. టీ కాచుకునే కెటిల్. రెండు దిండ్లు. పుట్టింటికి వెళ్లేటప్పుడు కూడా ఇంత హుషారుగా సర్దుకున్నది లేదు.

“అమ్మా, భయంగా ఉందా?” చిన్నది దూరంనుంచే అడిగింది.

“చాలా,” అంది ఆమె, పెదవి కొరుక్కుని.

లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో, బాత్రూం కాకుండా ఆమె గడియ పెట్టుకున్న మొదటి గది అది. మంచంమీద వెల్లకిలా పడి, దిండు నోటికి అడ్డం పెట్టుకుని తనివితీరా నవ్వింది.

పావుగంటలో ఫోను మోగింది.

“ఏమోయ్, పంచదార ఎక్కడుంది?”

“టీపొడి అని రాసున్న డబ్బాలో.”

“మరి టీపొడి?”

“బిస్కెట్ల డబ్బాలో.”

“మరి బిస్కెట్లో?”

ఆమె ఒళ్లోని పొట్లం వైపు చూసుకుంది. “అయిపోయాయండీ.”

రాత్రి భోజనం గుమ్మం ముందు స్టూలుమీదికి వచ్చింది. గుడ్ల కూర. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రెండు గ్లాసుల నీళ్లు తాగింది.

“ఏమండీ, కూరలో ఉప్పు...”

“తక్కువైందా?”

“సముద్రంలా ఉంది!”

“పోవోయ్! లొట్టలేసుకుంటూ తిన్నాం. మా అమ్మ రెండుసార్లు వేయించుకుంది.”

పంతొమ్మిదేళ్లుగా చిటికెడు ఉప్పు ఎక్కువైతే వీధికి వినిపించేలా చెప్పే అత్తగారు! కాకిపిల్ల కాకికి ముద్దు, కొడుకు వంట తల్లికి ముద్దు అనుకుని, ఆమె మిగిలిన కూర కడిగి తినేసింది.

మూడోరోజు తలుపు సందులోంచి మాడు వాసన. ఫోను అందుకుంది. “ఏమండీ, పాలు!”

అవతల పరుగులు, గిన్నె పడిన చప్పుడు, తిట్లు. తరవాత ఆయాసపడుతూ ఆయన: “నీ ముక్కు ముక్కు కాదోయ్, అలారం!”

పొద్దున్నా సాయంత్రం జ్వరం అంకెల చీటీ తలుపు కిందుగా జారేది. అంతా మామూలే. అది చూసి ఊపిరి పీల్చుకుని, మళ్లీ నవలలో పడేది. ఐదోరోజుకి రెండువందల పన్నెండో పేజీ. పాత పాటలన్నీ గుర్తొచ్చాయి. గొంతు కూడా తిరిగొచ్చింది.

ఆరోరోజు తలుపవతల ఆయన గొంతు మెత్తగా వినిపించింది. “ఏమోయ్, పది రోజులకి తగ్గించమని నర్సుని అడగనా?”

ఆమె ఒళ్లోని నవల వైపు చూసుకుంది. ఇంకా మూడువందల ఎనభై పేజీలున్నాయి. హీరోయిన్ ఇప్పుడే రైలెక్కింది.

“ఎందుకండీ?”

“ఎందుకేమిటి? సింకులో చోటులేదు. పెద్దది నా తెల్ల చొక్కాని గులాబీరంగు చేసింది. చిన్నది రోజూ బ్రెడ్డేనా అని ఏడుస్తోంది.”

దూరంనుంచి అత్తగారు అందుకుంది. “ఊరుకోరా! పద్నాలుగంటే పద్నాలుగే. అమ్మాయ్, గడప దాటి ఇవతలికొచ్చావో, కాళ్లు విరగ్గొడతా!”

అత్తగారిని వాటేసుకోవాలనిపించింది ఆమెకు. మొదటిసారి.

ఆయన వినలేదు. సాయంత్రం నాలుగింటికి, రోజూ వచ్చే నర్సు ఫోను రాగానే, భార్యకూ వినపడాలని తలుపు పక్కనే స్పీకరు పెట్టాడు. ఆమె చెవి చెక్కకు ఆనించి, ఊపిరి బిగబట్టి, కనిపించిన దేవుళ్లకల్లా దండం పెట్టుకుంది.

“సిస్టర్, మావిడ బాగానే ఉందండీ. దగ్గు లేదు, జ్వరం లేదు. పైగా పొద్దస్తమానం పాటలు. పది రోజులకే తలుపు తీసేయమంటారా?”

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

“మీ ఐదుగురిలో నెగటివ్ వచ్చింది ఆవిడొక్కరికే కదండీ, మీ నలుగురికీ పూర్తిగా తగ్గేదాకా ఆవిణ్ణి బయటికి పిలవకండి!”