రాజు క్షమించిన కుర్రాడు

సూర్యారావు మాస్టారి కుడి భుజం మీద పుండు మానడం లేదు.

సింగపూరులో, ఆంగ్ మో కియోలో ఆయనుండే బ్లాకుకి రంగులేస్తున్నారు. కింద అడ్డంగా తాడు కట్టారు. కాఫీకని దిగిన మాస్టారు, చుట్టూ తిరిగి ఎవరు వెళ్తార్లే అని తాడు కిందనుంచి దూరారు. పైన పనిచేసే కుర్రాడి చేతిలోంచి ఇనుప గొట్టం జారింది. వాడే పరుగున దిగొచ్చి, చొక్కా చింపి కట్టు కట్టాడు.

షుగరు మనిషి. పుండు కుళ్ళింది. రేపు ఆపరేషన్. డాక్టర్లు ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు. పోలీసులకి మాత్రం ఆయన నోటిమాట కావాలి. తప్పు వాడిదే అని ఆయనంటే చాలు, కుర్రాడు జైలుకి పోతాడు.

భార్య పోయింది, పిల్లల్లేరు. ఆస్పత్రికి ఆయన్ని చూడ్డానికొచ్చేది ఈరమ్మ ఒక్కతే. బుకిట్ బటోక్‌లో ఎవరింట్లోనో పనిచేస్తుంది. తెలుగాయన ఒంటరిగా ఉన్నాడని గుళ్ళో ఎవరో చెప్పారట. యజమానురాలిని బతిమాలుకుని, రైళ్ళు మారి, కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది.

"మకాన్ అయిందా అమ్మా?" నీరసంగా అడిగారు మాస్టారు.

"ఎప్పుడో తినీసాను మేస్టారూ" అంది. తినలేదని మొహమే చెబుతోంది.

గంజి తాగిస్తూ కబుర్లలో పెట్టింది. "మా ఇంట్లో బాబు ఇస్కూలు పుస్తకంలో ఓ కథుంది. ఇంగ్లండులో రిచర్డని రాజంట. సింహంలాంటోడంట. పదేళ్ళు ఏలినా సొంత దేశంలో ఆర్నెల్లయినా లేడంట. ఎప్పుడు చూసినా యుద్ధాలే."

"అలిసిపోయుంటాడు పాపం" అన్నారు మాస్టారు.

"ఓ సాయంత్రం కవచం ఏసుకోకుండా కోట చుట్టూ తిరుగుతుంటే, గోడమీంచి ఓ కుర్రోడు బాణం ఏసాడు. భుజానికి తగిలింది. పుండు కుళ్ళిపోయింది."

మాస్టారు తన కట్టు తడుముకున్నారు.

"చచ్చిపోయే ముందు ఆ కుర్రోణ్ణి పిలిపించి, 'నిన్ను క్షమించాను, పో' అన్నాడంట. ఎన్ని యుద్ధాలు గెలిస్తే ఏటి, మంచోడనిపించింది ఆ ఒక్క మాటే కదా."

"తర్వాత ఆ కుర్రాడేమయ్యాడు?"

చెంచా గిన్నెలోనే ఆగిపోయింది.

"ఏటవుతాడు... ఇంటికెళ్ళిపోయాడు. పెళ్ళాం పిల్లల్తో సల్లగా బతికాడు."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఈరమ్మ గిన్నె కడుక్కొచ్చి, ఇక నిలబడే ఓపిక లేక కుర్చీలో కూలబడింది.

"పోలీసులు ఆపరేషన్ అయ్యాక వస్తారా మేస్టారూ?"

"అంతదాకా ఎందుకని పొద్దున్నే పిలిపించాను. వచ్చి రాసుకెళ్ళారు."

ఆమె కుర్చీని మంచం దగ్గరికి లాక్కుంది. "ఏటి చెప్పారు?"

ఆయన ఎడమచేత్తో ఆమె తల నిమిరారు.

"ఆ కథ నేను ఏళ్ళ తరబడి బళ్ళో చెప్పినదేనమ్మా, రాజు కన్నుమూయగానే సైనికులు ఆ కుర్రాడి చర్మం ఒలిచేశారు, అందుకే నా ప్రాణం ఉండగానే చెప్పేశాను, తప్పు తాడు దాటిన నాదే గానీ, అచ్చం నీ పోలికే ఉన్న నీ తమ్ముడిది కాదని."